క్యారవాన్‌లో మూడు రాత్రులు: కోరింగ మడ అడవి నుంచి ఆటపాక దాకా

కాకినాడ లాడ్జిలో తెల్లవారుజామున లేచి, టీ కోసం ఒకసారి, ఆటో కోసం ఒకసారి రోడ్డు మీద నిలబడి కోరింగ చేరేసరికి ఎనిమిది దాటుతుంది. సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు మొదలైన రోజైతే అప్పటికే పక్షులు నీటి అంచు వెంట కిలోమీటరు లోపలికి జరిగిపోయి ఉంటాయి. క్యారవాన్ అద్దెకు తీసుకుంటే కలిసొచ్చేది ఆ పోగొట్టుకునే గంటలే. పరుపు, ఫ్రిజ్, టీవీ చూసి తీసుకునేవాళ్లకు ఈ డబ్బు దండగ. పక్షులు ఉన్న చోటికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో రాత్రి పడుకుని, చీకట్లోనే కాళ్లకు చెప్పులు తొడుక్కుని బయటపడగలిగితే ప్రతి రూపాయీ గిట్టుతుంది.

ఇక్కడ చెబుతున్నది టెంపో ట్రావెలర్ చాసిస్ మీద కట్టిన నాలుగు పడకల బండి గురించి. డ్రైవరుతో కలిపి ఇస్తారు, రాజమహేంద్రవరంలో ఎక్కించుకుంటారు. ఎవరి దగ్గర తీసుకున్నా ఈ తరహా బండ్లలో లోపలి అమరిక దాదాపు ఒకటే కాబట్టి సంస్థ పేరుతో పని లేదు. వెనక అడ్డంగా ఒక మంచం, ముందు సోఫా మడిస్తే ఇంకొకటి, ఒక పక్క చిన్న గట్టు వంటిల్లు, మూలన తలుపున్న కెమికల్ టాయిలెట్. వంద లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, 12 వోల్టుల మీద 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, పైకప్పు మీద 300 వాట్ల సోలార్ పలక. నలుగురికి అంటారు గానీ ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలైతేనే సుఖం. నలుగురూ పెద్దవాళ్లే అయి, తలా ఒక కెమెరా సంచి తెచ్చుకుంటే రెండో రోజుకే నడవడానికి చోటుండదు.

ముందు కరెంటు లెక్క తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఆ బ్యాటరీ నిండుగా ఉంటే రెండున్నర యూనిట్లు. ఫ్రిజ్ రోజుకు అర యూనిట్ పైన, రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే మూడో వంతు యూనిట్, లైట్లు, ఫోన్లు, కెమెరా బ్యాటరీలు కలిపి ఇంకో మూడో వంతు. ఒకటింపావు యూనిట్‌తో రోజు గడిచిపోతుంది. ఇండక్షన్ పొయ్యి నలభై నిమిషాలు వాడితే ఒక యూనిట్ పోతుంది. ఏసీ గంటకు ఒక యూనిట్ తాగుతుంది. కాబట్టి వంట గ్యాసు మీదే, ఏసీ గోడ ప్లగ్గు దొరికినప్పుడే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ ఏసీ అవసరమే రాదు, దుప్పటి కావాలి. సోలార్ మంచి ఎండలో యూనిట్ ఇస్తుంది. పొగమంచు పది దాకా విడవని రోజున అందులో సగం కూడా రాదు. పైగా కోనసీమలో నీడంటే కొబ్బరి నీడే. కొబ్బరి చెట్టు కింద బండి ఆపితే సోలార్ పనిచేయదన్నది చిన్న నష్టం, ఎండు కాయో, కొబ్బరి మట్టో పడి పలక అద్దం పగిలితే డిపాజిట్ అంతా పోతుంది. చెట్టు ఎంత పొడవుంటే అంత దూరం జరిగి ఆపమనండి.

ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి సూటి జవాబు: డిసెంబరు 20 నుంచి ఫిబ్రవరి 15 దాకా, మధ్యలో సంక్రాంతి వారం వదిలేసి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఏం చేసిందో కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. రేకు గోడల బండితో ఆ నెలల్లో సముద్రం పక్కన పడుకునే పని పెట్టుకోవద్దు. సంక్రాంతికి ఊళ్లకు వచ్చే కార్లతో, కోడిపందేల బరుల దగ్గరి జనంతో, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభలతో అమలాపురం చుట్టుపక్కల రోడ్లు కదలవు. ఆ వేడుక కోసమే వస్తే వేరు, పక్షుల కోసమైతే ఆ నాలుగు రోజులు వద్దు.

తేదీలు కుదిరాక పంచాంగం తెరవండి. వాతావరణం కంటే తిథి ముఖ్యం. కాకినాడ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరుంబావు గంటలు, ప్రతి రోజూ పోటు వేళ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి, నవమి ప్రాంతంలో కదలిక మందం. ఒడ్డు పక్షుల్ని దగ్గరగా చూడాలంటే పోటు ఎక్కుతున్న చివరి రెండు గంటలు కావాలి. బురద మునిగే కొద్దీ అవి నీటి అంచుతో పాటు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మీ వైపే వస్తాయి. పాటు వేళ వెళ్తే దూరాన కదిలే చుక్కలే మిగులుతాయి.

రెండో సంగతి వెలుతురు. ఈ తీరం తూర్పుకు చూస్తుంది. ఉదయం సముద్రం వైపు చూస్తే సూర్యుడు కంట్లో, పక్షులన్నీ నల్లటి బొమ్మలే. డిసెంబరు ఆఖర్లో ఆరున్నరకు పొద్దు పొడిచి, అయిదున్నరకు కుంకుతుంది. మధ్యాహ్నం మూడు, అయిదు మధ్య పోటు ఎక్కే రోజు దొరికితే ఎండ వీపు మీద పడుతుంది, రెక్క మీద చార కూడా కనబడుతుంది. కాకినాడ రేవు పోటుపాట్ల పట్టిక చూసి ఆ రోజును కాకినాడలో ఒడ్డు పక్షులు చేరే కుంభాభిషేకం రేవుకు కేటాయించి, ఉదయాలు మడ అడవికి, చెరువులకు ఉంచుకోండి. ప్రయాణం మొత్తం ఆ ఒక్క సాయంత్రం చుట్టూ కట్టుకున్నా తప్పులేదు.

మొదటి రోజు రాజమహేంద్రవరం నుంచి కాకినాడ, 65 కిలోమీటర్లు. కడియం, రామచంద్రపురం మీదుగా కాలవ గట్టు దారి అందంగానే ఉంటుంది గానీ అది కారుకు దారి. ఏసీ పెట్టెతో కలిపి బండి ఎత్తు దాదాపు మూడు మీటర్లు. ఊళ్లలో ఇంటి నుంచి స్తంభానికి లాగిన సర్వీసు వైర్లు, లాకుల దగ్గరి ఇరుకు వంతెనలు, ఎదురుగా దమ్ము చక్రాలతో వచ్చే ట్రాక్టరు, ఇవన్నీ ఒకేసారి ఎదురైతే డ్రైవరుకు చెమటలు పడతాయి. రాజానగరం నుంచి సామర్లకోట మీదుగా పొండి. పూలమొక్కల కోసమైతే కడియపులంక హైవే పక్కనే ఉంది, అక్కడి దాకా వెళ్లి వెనక్కి తిరగొచ్చు. జనవరిలో నర్సరీలు మంచి రంగు మీద ఉంటాయి.

గట్టు అంచు గురించి గట్టిగా చెప్పాలి. డెల్టా నేలంతా ఒండ్రు. పైన ఎండి పెచ్చు కట్టి గట్టిగా కనబడుతుంది, కింద జానెడు లోతున పిండి ముద్దలా ఉంటుంది. ఎదురు బండికి దారివ్వాలని ఎడమ చక్రాలు గట్టు దించారంటే మూడున్నర టన్నుల బండి ఒక పక్కకు ఒరిగిపోతుంది. నీళ్ల ట్యాంకు ఆ పక్కనే ఉంటే మరీను. దిగి మడమతో గట్టిగా తొక్కి చూడండి. మడమ గుంట పడితే చక్రం దిగబడుతుంది. దిగబడితే ఇంజను రెట్టించకండి, వెనక చక్రాలు గుంట తవ్వుకుంటాయి. టైర్లలో గాలి కొంత తీసి, చక్రం ముందు రెండడుగుల చెక్క పలక దోపి, నెమ్మదిగా కదపాలి. ట్రాక్టరు అడిగితే ఇక్కడ లేదనేవాళ్లుండరు, కానీ తాడు బంపరుకు కట్టకుండా చాసిస్‌కున్న లాగుడు కొక్కేనికే కట్టించండి. బండి తీసుకునే రోజే ఆ కొక్కెం ఎక్కడుందో చూపించమనండి.

మొదటి రెండు రాత్రులూ కాకినాడ, కోరింగ మధ్యే ఉండాలి. 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. కాకినాడ నుంచి యానాం వెళ్లే 216వ జాతీయ రహదారి దాని పక్కనుంచే పోతుంది. అభయారణ్యం లోపల రాత్రి బండి ఆపనివ్వరు, అడగొద్దు కూడా. హైవే పక్క పెట్రోలు బంకు, ప్రహరీ ఉన్న లాడ్జి ఆవరణ, సిమెంటు కళ్ళం ఉన్న రైసుమిల్లు, ఈ మూడింట్లో ఒకటి చూసుకోండి. రైసుమిల్లు నేల అన్నిటికంటే గట్టి, కానీ సార్వా (ఖరీఫ్) ధాన్యం లారీలు రాత్రి కూడా వస్తాయి. "బాబాయ్‌గారూ, రాత్రికి బండి ఓ పక్కన పెట్టుకోవచ్చాండీ? పొద్దున్నే వెళ్లిపోతాం" అని మర్యాదగా అడిగితే "ఆయ్, పెట్టుకోండి, టీ తాగారా?" అనే జవాబే ఎక్కువ. రొయ్యల చెరువుల పక్కన మాత్రం వద్దు. ఏరేటర్ల చప్పుడు రాత్రంతా ఆగదు, మేత వాసన పరుపులకు పడుతుంది. చీకట్లో టార్చి వేసుకుని తిరిగితే కాపలావాళ్లు దొంగలనుకుంటారు, వాళ్ల తప్పు కూడా కాదు.

కోరింగలో చెక్క వంతెన మీద నడక పాటు వేళ బాగుంటుంది, పడవ పోటు వేళ బాగుంటుంది. దీన్ని తారుమారు చేసుకుని నిరాశతో వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. నీరు దిగినప్పుడు పాయలో పడవ అడుగు బురదకు తగులుతుంది, లోపలికి పోలేరు. అదే వేళ వంతెన కింద తెల్లమడ ఊపిరి వేళ్లు నేల నిండా మేకులు పాతినట్టు తేలతాయి. వాటి మధ్య ఒక చెయ్యి బండగా పెరిగిన మగ పీతలు, మొప్పల నిండా నీళ్లు పట్టుకుని బురద మీద గెంతే చేపలు. లకుముకి పిట్టల్లో నల్ల తల, ఊదా నీలం వీపు ఉన్నది కనబడితే కదలకుండా నిలబడండి, అది ఒకే కొమ్మ మీదికి మళ్లీ మళ్లీ వస్తుంది. తిల్ల చెట్టు కొమ్మలు మాత్రం విరవకండి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నీటికుక్కలు, బావురు పిల్లి ఇక్కడ ఉన్నాయి. బావురు పిల్లి రాత్రి తిరిగేది కాబట్టి దాన్ని చూపిస్తామనే మాట నమ్మొద్దు. బురద మీద దాని అడుగులు వెతకండి, అవి దొరుకుతాయి.

కుంభాభిషేకం దగ్గర బైనాక్యులర్ ఒక్కటే చాలదు. 8x42 బైనాక్యులర్ మెడలో ఉండాలి, 20 నుంచి 60 రెట్లు చూపే స్కోపు ఒకటి నలుగురికీ కలిపి ఉండాలి. స్కోపు కాళ్లు బండి లోపల పెడితే ఎవరు అడుగు తీసి అడుగేసినా కమానుల మీద బండి ఊగి బొమ్మ కనబడదు, నేల మీదే పెట్టండి. కెమెరాకు మాత్రం బండి మంచి చాటు. మనిషి దిగితే లేచిపోయే పక్షి ఇంజను ఆపిన బండిని పట్టించుకోదు. కిటికీలు ఆక్రిలిక్‌వి కాబట్టి మూసి తీస్తే ఫోటో అలుక్కుపోతుంది. పైకెత్తి, చట్రం మీద కిలో బియ్యం పోసిన గుడ్డ సంచి వేసి, దాని మీద లెన్సు ఆనించండి.

అక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఒడ్డు పక్షుల్లో రెండు రకాల గాడ్‌విట్లు, వింబ్రెల్, టెరెక్ ఉల్లంకి, సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవున్న ఇండియన్ స్కిమ్మర్లు శీతాకాలంలో ఈ ప్రాంతంలో కనబడుతున్నాయి. ఇసుక దిబ్బ మీద టెర్న్‌ల గుంపులో నారింజ ముక్కు కోసం ఓపిగ్గా వెతకాలి. అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది కర్ల్యూను. కొడవలిలా కిందికి వంగిన జానెడు ముక్కును కళ్ల దాకా బురదలో దింపి, పక్కకు తిప్పి, పీతను పైకి లాగుతుంది. లాగినదాన్ని వెంటనే మింగదు. ఒక కాలు పట్టుకుని విదిలిస్తుంది, పీత ఎగిరి పడుతుంది, కాలు ముక్కుకే ఉండిపోతుంది. మళ్లీ పట్టుకుని ఇంకో కాలు. కాళ్లన్నీ ఊడాక మొండేన్ని ముక్కు కొస నుంచి గొంతులోకి ఎగరేసుకుంటుంది. పక్కన కాచుకున్న గోరింక అంతటి ఉల్లంకి ఆ ఊడిన కాళ్ల కోసం పరిగెత్తుతుంది. దీన్ని ఒకసారి మొదటి నుంచి చివరిదాకా స్కోపులో చూస్తే, ఇరవై జాతులు పేర్లు రాసుకున్న దానికంటే ఎక్కువ దక్కినట్టు.

మూడో రోజు యానాం, ఎదుర్లంక వంతెన, అమలాపురం, రాజోలు మీదుగా పడమరకు. యానాం పుదుచ్చేరిది, జాతీయ రహదారి ఊరి మధ్య నుంచే పోతుంది. బండికి ఆల్ ఇండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో బయల్దేరే ముందే కాగితం చూడండి. దారిలో జనవరి పొలాలు వదలకండి. దాళ్వా (రబీ) వరికి దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక తెల్ల కొంగలు, నల్ల కంకణాలు, నత్తగొట్టు కొంగలు బారులు తీరి నడుస్తాయి. ట్రాక్టరు తిరిగిన ప్రతి మలుపులో బురద నుంచి పురుగులు, కప్పలు పైకి వస్తాయి. అంబాజీపేటలో పనస ఆకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తినండి, ఆ పూటకు బండిలో వంట మానేయండి. పులస మాత్రం అడగొద్దు, అది వరద కాలపు చేప, ఈ రోజుల్లో పులస పేరుతో ఇచ్చేది పులస కాదు.

సఖినేటిపల్లి దగ్గర పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం దాటితే దగ్గరని డ్రైవరు అనొచ్చు. ఒప్పుకోకండి. ఈ బండికి వెనక చక్రాల నుంచి తోక దాకా పొడవెక్కువ. నీరు తగ్గి రేవు వాలు నిటారైనప్పుడు ముందు చక్రాలు పంటు ఎక్కగానే వెనక తోక నేలకు గీసుకుని టాయిలెట్ పైపు విరుగుతుంది. దిండి దగ్గర చించినాడ వంతెన ఉండగా ఆ సాహసం ఎందుకు? దిండిలో మధ్యాహ్నం ఆగి, గోదావరి పాయ వశిష్ఠ మీద గంట పడవ తిరగొచ్చు, గట్టు వెంట సైకిలు తొక్కొచ్చు. అంతర్వేది, ఓడలరేవు ఇసుకలోకి బండి దించి సముద్రం చూస్తూ పడుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఇసుకలో చక్రం దిగడం, ఉప్పు గాలికి చాసిస్ తుప్పు పట్టడం అటుంచి, జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకే గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుగు చూస్తే తల్లి వెనక్కి మళ్లిపోతుంది, పిల్లలు సముద్రం వదిలి దీపం వైపు పాకుతాయి. ఒడ్డున లైటు పెట్టుకుని రాత్రి గడపకండి.

మూడో రాత్రి కైకలూరు. డెల్టా అంచున కొల్లేరు మొదలయ్యే చోటు. పక్కనే ఆటపాక. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆటపాక చెరువులో ఇనుప స్టాండ్ల మీద, చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) కాపురం పెడతాయి. జనవరిలో పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తినే దృశ్యం బైనాక్యులర్ లేకుండానే కనబడుతుంది, అందుకే పిల్లలున్న కుటుంబాలకు ఇదే మంచి ముగింపు. పొగమంచు ఉంటే దిండి నుంచి తెల్లవారుజామున బయల్దేరి రావాలనుకోకండి, కాలవకూ రోడ్డుకూ తేడా తెలియదు. ముందు రాత్రే చేరి పడుకోవాలని చెప్పడం అందుకే.

ఎదురయ్యే చిన్న ఇబ్బందులు రెండున్నాయి. నలుగురి ఊపిరికి తెల్లారేసరికి కిటికీల లోపల నీళ్లు కారతాయి. పైకప్పు గాలి మూత రెండు వేళ్ల సందు తెరిచి, దానికి దోమతెర గట్టిగా ఉందో చూసుకోండి, డెల్టా దోమలు ఒక్క చిల్లున్నా వదలవు. ఇక లెన్సులు. వెచ్చని పొడి చోటికి వెళ్లినప్పుడు కాదు, ఎప్పుడైనా ఏసీ వేసిన బండిలోంచి తడి గాలిలోకి తీసినప్పుడు మసక పడతాయి. సంచి మూసే ఉంచి ఇరవై నిమిషాల ముందు బయట పెడితే చాలు.

నీళ్లు, టాయిలెట్ దగ్గర అద్దె సంస్థలు చెప్పే లెక్క నమ్మకండి. తీరం పక్క బోరు నీళ్లు ఉప్పన, ట్యాంకులో పోస్తే పంపు కవాటాలకు తెల్లటి పొర కడుతుంది. మున్సిపల్ కుళాయి దొరికిన చోటే నింపండి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు వేరే. ఒక్కొక్కరు స్నానానికి ఎనిమిది లీటర్లకు మించకపోతే వంద లీటర్లు రెండు రోజులు వస్తాయి. టాయిలెట్ పెట్టె ఇరవై లీటర్లది, నలుగురికి ఒకటిన్నర రోజుకు నిండుతుంది, రెండు రోజులు ఆగితే ఆ వాసనకు బండిలో ఉండలేరు. దాన్ని సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే, అడిగి, ఖాళీ చేయాలి. కాలవలో ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఆ కాలవ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుకు వెళ్తాయి, ఇంట్లో తాగేది అదే. డ్రైవరు చీకట్లో ఆ పని చేయబోతే మీరే ఆపాలి.

మొత్తం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్లు, డీజిల్ లీటరుకు తొమ్మిది పది కిలోమీటర్లు ఇస్తుంది. అద్దెలో రోజుకు ఎన్ని కిలోమీటర్లు కలిశాయి, డ్రైవరు బేటా, టోలు ఎవరివి, శుభ్రం చేసే రుసుము ఉందా అని ముందే రాయించుకోండి. డ్రైవరు పడుకునే చోటు సంగతి కూడా తేల్చుకోండి, సీట్లో కూర్చోబెట్టి నిద్రపుచ్చితే మర్నాడు మంచులో బండి నడిపేది ఆయనే. బండి సౌకర్యానికి అయిదులో మూడు, ఈ కాలంలో ఈ ప్రాంతంలో దాని ఉపయోగానికి నాలుగున్నర ఇస్తాం. అప్పగించే ముందు తాడేపల్లిగూడెం దగ్గర ఏదైనా వాషింగ్ షెడ్డులో చాసిస్ కింద మంచినీళ్లతో కొట్టించి, కడిగాక నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. డిపాజిట్ తిరిగి అడిగేటప్పుడు అవే కావాలి.